కడప కావాలంటే ఉత్తరం, మద్రాసు కావాలంటే తూర్పు

టంకం పెట్టేటప్పుడు లేచే గుగ్గిలం పొగ వాసన ఈమధ్య అరుదైపోయింది. తిరుపతిలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న అంగడి ముందు మొన్న ఆ వాసన తగిలింది. దానితోపాటే ఒక బల్ల, దాని మీద వెనక మూత ఊడదీసిన ట్రాన్సిస్టర్ రేడియో, ఎదురుగా తిన్నె మీద గొంతుక్కూర్చున్న పెద్దాయన గుర్తుకొచ్చారు. "అయిపోయిందా అబ్బోడా? రైతుల కార్యక్రమం లోపల ఇచ్చేయాల నువ్వు." పాటల కోసం తొందరపడేది కుర్రకారు. పెద్దోళ్ళది వేరే తొందర. అల్పపీడనం ఎక్కడిదాకా వచ్చిందో, చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకాలో ఆపాలో తేల్చుకోవాలి వాళ్ళు.

చిత్తూరు జిల్లా పల్లెలకు రెండు వైపుల నుంచి ఆకాశవాణి వినపడేది. తూర్పున మద్రాసు, ఉత్తరాన కడప. 1953 దాకా ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అందుకే పాత సెట్ల ముల్లు 1938లో మొదలైన మద్రాసు కేంద్రం దగ్గరే ఉండేది. కడప కేంద్రం 1963లో వచ్చింది. మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్, అంటే 333.3 మీటర్లు. ఆ అంకె చదువు రానివాళ్ళకు కూడా నోటికి వచ్చేది. కుప్పం, పలమనేరు వైపు వాళ్ళకు వీటితోపాటు బెంగళూరు కన్నడం కూడా. ఒకే ఇంట్లో మూడు భాషల వాతావరణ సూచన విని, మూడూ ఒకే మాట చెబితే గానీ నమ్మని వాళ్ళుండేవాళ్ళు.

ట్రాన్సిస్టర్ లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఒకటుంటుంది. దాని మీద సన్నటి రాగితీగ చుట్టి, మైనంతో కదలకుండా అతికించి ఉంటుంది. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. పైకి లాగే స్టీలు ఏరియల్ షార్ట్ వేవ్‌కే, మీడియం వేవ్‌కు దానితో పని లేదు. కడ్డీ కొన స్టేషన్ వైపు తిరిగితే శబ్దం సన్నగిల్లిపోతుంది, కడ్డీ అడ్డంగా నిలిస్తే గట్టిగా పలుకుతుంది. కడ్డీ పెట్టె పొడవునా ఉంటుంది కాబట్టి లెక్క తేలిక: చిత్తూరు చుట్టుపక్కల కడప కావాలంటే రేడియో ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి, మద్రాసు కావాలంటే తూర్పుకో పడమరకో. గోడలో గూడు ఎటువైపుందో చూసి ఆ ఇంటివాళ్ళు ఏ స్టేషన్ వింటారో చెప్పొచ్చని వేళాకోళం చేసేవాళ్ళు. అందులో కొంత నిజం లేకపోలేదు.

అయినా అందకపోతే ఒక ఉపాయం ఉండేది. పైపూత ఉన్న మామూలు తీగను పెట్టె చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, ఒక కొసను బోరింగు గొట్టానికి కట్టి, రెండో కొసను పెరట్లో వేపచెట్టు కొమ్మకు లాగేవాళ్ళు. రేడియో విప్పే పనే లేదు. చుట్లలో పుట్టిన సంకేతాన్ని లోపలి కడ్డీ అందుకుంటుంది. ఉరుములొస్తే మాత్రం ఆ తీగ ముందు తీసేయాలి. ట్రాన్సిస్టర్లకు ముందటి వాల్వు సెట్ల కాలంలో రెండు వెదుళ్ళ మధ్య జాలీ ఏరియల్ కట్టి, పిడుగు భయానికి దాన్ని నేలకు కలిపే మీట ఒకటి కిటికీ పక్కన బిగించేవాళ్ళు. కరెంటు లేని ఊళ్ళలో ఆ వాల్వు సెట్లకు 90 వోల్టుల బ్యాటరీ ప్యాకు కావాల్సొచ్చేది. దాని ధర విని వెనక్కి తగ్గినవాళ్ళే ఎక్కువ. అందుకే మొదట్లో రేడియో అంటే పంచాయతీ ఆఫీసు గోడకున్న సెట్టే.

ట్రాన్సిస్టర్ వచ్చాక అంతా మారింది. మామూలు పెద్ద సెట్టుకు ఒకటిన్నర వోల్టు సెల్లులు నాలుగు. కొత్తవి కొంటే ముందు టార్చిలైటులో వేసేవాళ్ళు. అక్కడ వెలుగు ఎర్రబడినాక తీసి రేడియోలో వేస్తే, సన్నగా పెట్టుకుని వింటే, ఇంకో రెండు మూడు వారాలు పలికేది. టార్చి బల్బు లాగే కరెంటులో రేడియోకు కావాల్సింది చాలా తక్కువ. సౌండు పెంచితేనే గొంతు పగిలేది. అరిగిన సెల్లు లోపల అడ్డు పెరిగి, గట్టిగా పలకాల్సిన చోట వోల్టు పడిపోతుంది. మిద్దె మీద ఎండలో పెడితే ఆ వేడికి ఒక పూట ప్రాణం లేచొచ్చేది. కానీ అలా లాగి లాగి వాడితే జింకు డొక్కు తినేసి రసం కారుతుంది, స్ప్రింగులకు పచ్చని తుప్పు పడుతుంది. రిపేరుకొచ్చే సెట్లలో చాలావాటికి రోగం ఇదే. ఉప్పు కాగితంతో రుద్ది, కొంచెం టంకం పూస్తే సరిపోయేది. మిగతావాటిలో సౌండు తిప్పితే గరగర వచ్చేవి కొన్ని, ముల్లు కదలనివి కొన్ని. గరగరకు సౌండు మీట లోపలి కార్బన్ పట్టీ మీద చేరిన దుమ్ము కారణం. ముల్లు కదలకపోతే డయల్ దారం తెగినట్టు. ఆ దారం ఎటునుంచి ఎటు చుట్టాలో బొమ్మ గీసుకోకుండా విప్పినవాడికి ఆ పూట అన్నం లేనట్టే.

వీటన్నిటి మీదా లైసెన్సు. పోస్టాఫీసులో ఏడాదికి పదిహేను రూపాయలు కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. తనిఖీ వస్తోందంటే రేడియోలు ధాన్యం గాదెల్లోకి పోయేవి. ఎనభైలలో దాన్ని ఎత్తేశారు.

కంబళి పురుగు రాత్రులు

రేడియో వల్ల రైతుకు ఏమొరిగింది అని ఎవరైనా అడిగితే చెప్పాల్సింది ఎర్ర కంబళి పురుగు సంగతే. ఆఫీసర్లు ఎర్ర గొంగళి పురుగు అంటారు. వర్షాధార చెనిక్కాయకు అంతకు మించిన శత్రువు లేదు. జూన్, జూలైలలో గట్టి వాన పడి నేల నానితే, లోపల నిద్రపోతున్న గూళ్ళ నుంచి రెండు మూడు రోజుల్లో రెక్కల పురుగులు లేస్తాయి. తెల్లటి రెక్కలు, ముందు రెక్క అంచున పసుప్పచ్చ గీత. పొద్దు గూకగానే ఎగిరి, వెలుగు ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు ఆకుల అడుగున కుప్పగా పెడుతుంది. గుడ్లు పగిలి, పిల్ల పురుగులు పెరిగి, ఒంటి నిండా ఎర్ర వెంట్రుకలు వచ్చాక ఇక మందులు అంతగా పనిచెయ్యవు. ఆకంతా కొరికేసి, ఒక చేను అయిపోతే పక్క చేనికి దండుగా నడుస్తాయి.

దీనికి తేలికైన దెబ్బ రెక్కల పురుగు దశలోనే. చీకటి పడ్డప్పటి నుంచి రాత్రి పది, పదకొండు దాకా గట్ల మీద మంటలు వేయాలి. పాత టైరు ముక్కలు, కంది కట్టె, చెత్త, ఏదైనా సరే. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కడే మంట వేస్తే చుట్టుపక్కల చేలల్లోని పురుగులన్నీ అతని చేనికే వస్తాయి. మంటలో పడనివి అక్కడే గుడ్లు పెడతాయి. అంటే జాగ్రత్తపరుడే ఎక్కువ నష్టపోతాడు. ఊరంతా, వీలైతే పక్క ఊరు కూడా, అదే రాత్రి వేయాలి. వరసగా మూడు నాలుగు రాత్రులు వేయాలి.

వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకాయన సైకిలు మీద పది ఊళ్ళు తిరిగి ఈ మాట చెప్పేలోపల పురుగు గుడ్లు పెట్టేస్తుంది. రేడియో మాత్రం "ఈ వారం కురిసిన వానలకు రెక్కల పురుగులు బయటికొస్తాయి, సాయంత్రం నుంచి మంటలు వేయండి" అని ఒకే సాయంత్రం అందరి చెవినా వేసేది. విన్నవాడు తిన్నె దిగి పక్కింటివాణ్ణి కేకేసేవాడు: "ఏమబ్బా, ఇన్న్యావా? ఈ పొద్దే ఏస్తాం. నువ్వు ఆ పక్క గట్టు చూసుకో." చీకట్లో కనుచూపు మేర గట్లన్నీ ఎర్రగా వెలిగేవి. తెల్లారి పోయి చూస్తే బూడిద చుట్టూ రెక్కలు తట్టల కొద్దీ ఉండేవి.

మంటలు తప్పిన ఏడు రెండో దెబ్బ కందకం. పురుగు నడిచొచ్చే దిక్కున అడుగు లోతు, గోడలు నిట్టనిలువుగా ఉండేలా తవ్వాలి. గోడ వాలుగా ఉంటే ఎక్కేస్తుంది. అడుగున జిల్లేడు, అడవి ఆముదం ఆకులు పరిస్తే వాటిని తినడానికి దిగి ఆగుతాయి. వాటి మీద పొడి మందు చల్లేవాళ్ళు. ఆ పొడి మందు సంగతికొస్తే, రేడియో ఊరూరా అలవాటు చేసిన బి.హెచ్.సి.ని 1997లో దేశమంతటా నిషేధించారు. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా చేత్తో చల్లించిన ఆ ఏళ్ళను తలుచుకుంటే రేడియోను ఊరికే పొగడబుద్ధి కాదు.

హెక్టార్ల గొడవ

రేడియోతో మనోళ్ళకు వచ్చిన పెద్ద చిక్కు హెక్టారు. మైకు ముందు కూర్చున్న శాస్త్రవేత్త "హెక్టారుకు 500 కిలోల జిప్సం" అంటాడు. మనది ఎకరాల లెక్క, హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే ఎకరాకు 200 కిలోలు. చెనిక్కాయ పూతకొచ్చి ఊడలు దిగే వేళ మొక్క మొదళ్ళ పక్కన వేసి మన్ను ఎగదోయాలి. కాయ గట్టిపడడానికి కావాల్సిన సున్నం, నూనెకు కావాల్సిన గంధకం రెండూ అందులో ఉంటాయి. కాయ ఆ సున్నాన్ని వేరు నుంచి కాదు, మట్టిలో తన పొట్టు చుట్టూ ఉన్నదాని నుంచే లాక్కుంటుంది. అందుకే మొదట్లోనే వేసి మరిచిపోతే పని జరగదు. హెక్టారు లెక్క ఎకరాకు పోసినవాళ్ళకు డబ్బు దండగ అయిందంతే. అదే పురుగుమందయితే పైరు మాడేది.

తరవాత తరవాత కార్యక్రమం నడిపేవాళ్ళకు ఈ సంగతి అర్థమైంది. ప్రసంగం తగ్గించి ఇద్దరు రైతులు మాట్లాడుకున్నట్టు నడిపారు. ఒకడు తెలివిగా అడుగుతాడు, ఇంకొకడు అడ్డదిడ్డంగా అడుగుతాడు. వినేవాళ్ళ ప్రశ్న ఎప్పుడూ రెండోవాడి నోటి నుంచే వచ్చేది. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, అంతకు ముందే పశువైద్య కళాశాల ఉంది. చెరుకుకు పెరుమాళ్ళపల్లి పరిశోధన స్థానం ఉంది. కాబట్టి మన నేల తెలిసినవాళ్ళ గొంతులు దొరకడం కష్టం కాలేదు. 1970ల నడుమ కాళహస్తి చుట్టుపక్కల చెనిక్కాయ పొట్టు మీద నల్లటి మచ్చలు పడి, కాయ చిన్నదైపోయే తెగులు కనపడింది. కంటికి కనపడని నులిపురుగు పని అది. పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే గానీ తెలీదు. అలాంటి తెగులుకు "కాయ ఊరే వేళ ఒక చెట్టు పీకి చూడండి" అన్న ఒక్క మాట ఎన్ని కరపత్రాలకైనా సమానం. తట్టుకునే రకాలు తరవాత తిరుపతి నుంచే వచ్చాయి.

కూర్చుని వినే పద్ధతి మనది ఒక్కచోటే పుట్టింది కాదు. 1956లో పూనా చుట్టుపక్కల 150 ఊళ్ళలో రేడియో గ్రామ గోష్ఠులు పెట్టి చూశారు. "విను, చర్చించు, ఆచరించు" అన్నది వాటి సూత్రం. 1959లో దేశమంతా విస్తరించారు. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే తంజావూరు రైతులు రేడియోలో విని వేసిన ఏ.డి.టి.-27 అనే వరి రకానికి రేడియో వడ్లు అని పేరు పెట్టేశారు. మన పక్క చర్చామండలి అంటే అక్షరం వచ్చిన కుర్రాడు ఒకడు, నోటుబుక్కు, చుట్టూ పదిమంది. సందేహాలు పదిహేను పైసల కార్డు మీద రాసి పంపేవాళ్ళు. జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టేది, అప్పటికి తెగులు దాని దారిన అది పోయుండేది. అయినా పేరు, ఊరు రేడియోలో వినపడాలని రాసేవాళ్ళు. ఊరి పేరు వినపడగానే పొంగిపోయి జవాబు వినడం మరిచిపోవడం మామూలే.

పెనం దగ్గర

చిత్తూరు బెల్లం మండీకి పెద్ద పేరు. చలికాలం వస్తే గానుగల దగ్గర రాత్రంతా మంటే. రేడియో అక్కడ ఉండి తీరాలి, నిద్ర ఆపడానికి. కానీ పొయ్యికి దగ్గరగా పెట్టకూడదు. వేడికి ఫెర్రైట్ కడ్డీ మీది మైనం మెత్తబడి తీగ చుట్ట జరిగిపోతుంది. తెల్లారేసరికి కడప వినపడాల్సిన చోట గుసగుస తప్ప ఏమీ ఉండదు. అందుకే పిప్పి కుప్పకు అవతల వెదురు గుంజకు తగిలించేవాళ్ళు.

రసం మరిగేటప్పుడు మురికి తెట్టు తేలాలంటే బెండ కాండం దంచి నానబెట్టిన జిగురు పోయాలి. పులుపు విరగడానికి సున్నపుతేట, అదీ కొంచెమే. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. తక్కువైతే ముద్ద నిలవదు, వానాకాలం చెమర్చి కారుతుంది. పాకం వచ్చిందా లేదా అన్నది చల్లనీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో ఉండ చేసి చూస్తారు. గట్టి ఉండ కట్టి, గిన్నెకేసి కొడితే మోగాలి. ఈ పని రేడియో నేర్పలేదు, పెద్దోళ్ళు నేర్పారు. తెల్లదనం కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపొద్దని చెప్పింది మాత్రం రేడియో. చెప్పింది, ఎవరూ వినలేదు. తెల్ల బెల్లానికే మండీలో రేటు పలికితే వినమంటే ఎవరు వింటారు?

ధరవరల సంగతీ అంతే. నిన్నటి రేటు ఇవాళ చెబుతారు, అదీ క్వింటాలు లెక్కన. కానీ ఊళ్ళోకొచ్చి బేరమాడే వ్యాపారి "రేటు పడిపోయింది సామీ" అన్నప్పుడు, "పొద్దున రేడియోలో ఇంకో మాట చెప్పినారే" అనడానికి ఒక ఆధారం దొరికింది. దానివల్ల రేటు ఎంత పెరిగిందో గానీ, ఆ మాటకు వ్యాపారి ముఖం మారడం మాత్రం తెలిసేది.

చీకటి పడ్డాక మీడియం వేవ్ స్వభావమే మారిపోతుంది. పగలు ఆకాశంలో సంకేతాన్ని మింగేసే పొర సూర్యుడు పోగానే కరిగిపోతుంది. పై పొర నుంచి తగిలి దూరపు స్టేషన్లన్నీ దిగుతాయి. కడప మీద ఇంకేదో భాష ఎక్కి కూర్చునేది, గొంతు ఊగుతూ వచ్చి పోయేది. అందుకే రైతులకు కావాల్సిన మాటలు పొద్దు గూకే వేళ చెబితేనే అందరికీ అందేవి. దగ్గర్లో ఎవరైనా మోటరు స్టార్టరు నొక్కితే టపటపమని ఒక దెబ్బ, మబ్బు పడుతుంటే పటపటమని ఎడతెరిపి లేని పగుళ్ళు. ఆ పగుళ్ళు దగ్గర దగ్గరగా వస్తుంటే వాన దగ్గర్లోనే ఉందని వాతావరణ సూచన కంటే ముందే చెప్పేవాళ్ళు. మెరుపుల చప్పుడే కదా అది.

చెనిక్కాయ పీకే వేళ

మావైపు చెనిక్కాయ పీకే రోజులు, ఈశాన్య రుతుపవనం దిగే రోజులు ఒకటే. అక్టోబరు, నవంబరు. పీకిన చెట్లు కాయలు పైకి తిరిగేలా వరసల్లో పరిచి రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. ఆ మూడు రోజుల్లో వాన పడితే కాయ మొలకెత్తుతుంది, లేదా బూజు పట్టి విషం పుడుతుంది. అలాంటి కాయల చెక్క పశువులకు పెట్టినా ప్రమాదమే. కాయలో తేమ వందకు ఎనిమిది తొమ్మిది పాళ్ళకు దిగితేనే మూట కట్టాలి. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి.

ఆ రోజుల్లో రేడియోలో ఏది వినకపోయినా "నైరుతి బంగాళాఖాతంలో" అన్న మాట వినపడితే చేతిలో ముద్ద ఆగేది. నెల్లూరు, మద్రాసు మధ్య తీరం దాటుతుందంటే తూర్పు మండలాలు పీకడం ఆపేసేవి. నేలలో ఉన్న కాయ కంటే పరిచిన కాయకే ముప్పు ఎక్కువ. పరిచినదాన్ని రాత్రికి రాత్రి వామి వేసి, కాయలు లోపలికి, ఆకు బయటికి ఉండేలా పేర్చి, చుట్టూ నీళ్ళు పోయేలా కాలవ తీసేవాళ్ళు. ఒకపూట ముందు తెలిస్తే చాలు, ఏడాది కష్టం నిలబడేది.

ఇంట్లో ఆడవాళ్ళకు రేడియో మధ్యాహ్నం. చేతులు చెనిక్కాయ వొలుస్తుంటే చెవులు మహిళల కార్యక్రమంలో. అక్కడ విన్నవాటిలో ప్రాణాలు నిలబెట్టింది ఒకటి: బిడ్డకు విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడవుతుంది, కలిపాక మళ్ళీ కాచకూడదు, మరుసటి రోజుకు ఉంచకూడదు. అంతకు ముందు విరేచనాలని నీళ్ళు మాన్పించే అలవాటు ఉన్న ఊళ్ళివి.

టీవీ వచ్చాక తిన్నెల మీది గుంపు లోపలికి పోయింది. 2004లో ఆకాశవాణి కిసాన్ వాణి అనే రైతుల కార్యక్రమం మొదలుపెట్టింది, అదే ఏడు రైతులు సలహా అడగడానికి 1551 ఫోన్ నంబరు వచ్చింది. తిరుపతికి ఎఫ్.ఎం. కేంద్రం వచ్చింది. గొంతు స్వచ్ఛంగా ఉంటుంది, మోటరు చప్పుడు అంటదు. కానీ కొండ అడ్డమొస్తే అవతలి ఊరికి అందదు. శేషాచలం వెనకాల ఊళ్ళకు మీడియం వేవే దిక్కు. ఆ మీడియం వేవ్‌ను ఇప్పుడు ఇళ్ళల్లోని ఎల్.ఈ.డి. బల్బులు, చార్జర్లు చంపేస్తున్నాయి. కడప వినాలంటే మెయిన్ ఆపేయాలి, లేదా సెట్టు తీసుకుని చేని గట్టు మీదికి పోవాలి.

ఫోన్‌లో ఇప్పుడు ఎవరి సలహా వాళ్ళకు వస్తుంది, నిమిషంలో వస్తుంది, ఫోటో పంపితే తెగులు పేరు కూడా చెబుతారు. పార్శిలు పెట్టెలాగా ఎవరి పేరు మీద వచ్చింది వాళ్ళే విప్పుకుంటారు. జిప్సానికి అది చాలు. కంబళి పురుగుకు చాలదు. జూన్‌లో పెద్ద వాన పడ్డ మర్నాడు గుడి మైకులోనో పంచాయతీ మైకులోనో "ఎల్లుండి నుంచి మూడు రాత్రులు, ఏడింటికి, అందరూ ఒకేసారి" అని రెండుసార్లు చదివిస్తే అయిపోయే పని. మైకు ఊరూరా ఉంది. చదివేవాణ్ణి చూసుకోవాలంతే.